గృహోపయోగం: ఫోను చెవికి ఆనించాక తెర వెలగకపోతే



ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరములలో కోనసీమ నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరమును ముందుగా తీసుకుంటున్నాను. ఆమె ఆడపడుచు కువైట్‌లో ఇంటిపని చేస్తూ, తన కూతుర్ని ఇక్కడ తల్లి దగ్గర ఉంచి చదివించుకుంటోంది. అక్కడ శుక్రవారం సెలవు గనుక ఆ రోజున ఫోను చేస్తుంది. ఒక శుక్రవారం మాటలయ్యాక అత్తగారు ఫోను చెవి దగ్గర నుండి తీశారు. తెర నల్లగానే ఉంది. ఎర్ర గుర్తు వచ్చే చోట రెండు మూడుసార్లు వేలితో నొక్కి, కట్ అయిందనుకుని మంచం మీద పెట్టేశారు. ఆ తరువాత అత్తాకోడళ్లు ఇంటి ఖర్చుల సంగతి మాట్లాడుకున్నారు. "అది పంపేది పిల్ల ఫీజుకే చాలడం లేదు, మిగతాదంతా మన నెత్తినే పడుతోంది" అని అత్తగారు అన్నారు. ఆ మాట కువైట్‌లో వినబడింది. అప్పటి నుండి మూడు శుక్రవారములుగా ఆ అమ్మాయి తన కూతురితో తప్ప ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"వినాలనే ఫోను పెట్టేయకుండా ఉంచారని ఆమె అంటోంది. మా ఆయనేమో, చేతగాని దానివి టచ్ ఫోను ఎందుకు పట్టుకున్నావని వాళ్లమ్మ మీద కేకలేస్తున్నారు. సెల్ షాపులో చూపిస్తే డిస్‌ప్లే పోయింది, మూడు వేలవుతుందన్నారు. మేము ఏం చేయాలి?" అని ఆ సహోదరి అడుగుతున్నారు.

మొదట ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. మీ ఉత్తరంలోనే ఒక సంగతి ఉంది: అదే ఫోనులో పాప పాఠాలు చూసుకుంటోందని, అప్పుడు తెర బాగానే ఉంటోందని వ్రాశారు. పోయిన డిస్‌ప్లే అన్నివేళలా పోయినట్టే ఉంటుంది గానీ, ఫోను మాట్లాడేటప్పుడు మాత్రమే పోయి పాఠాల వేళకు బాగవదు. కాల్‌లో ఉన్నప్పుడు మాత్రమే తెర నల్లబడి తిరిగి రావడం లేదంటే నూటికి తొంభై పాళ్లు అనుమానించవలసినది వేరొకటి ఉంది. అది మీ అత్తగారి చేతిలోని లోపం కూడా కాదు.

టచ్ ఫోను పై భాగంలో, అవతలివారి మాట వినబడే సన్నని చీలిక దగ్గర, ఒక చిన్న కన్ను ఉంటుంది. దానిని ప్రాక్సిమిటీ సెన్సార్ అంటారు. ఏదైనా వస్తువు దగ్గరకు వచ్చిందా లేదా అని కనిపెట్టడం దాని పని. ఎక్కువ ఫోన్లలో అది రెండు భాగములుగా ఉంటుంది. ఒక భాగము మన కంటికి కనబడని పరారుణ కాంతిని బయటకు పంపుతుంది. రెండవ భాగము ఆ కాంతి దేనికైనా తగిలి వెనుకకు వస్తోందా అని చూస్తుంది. మన టీవీ రిమోట్ పంపేది కూడా ఇదే జాతి కాంతి. సుమారు 5 సెంటీమీటర్ల లోపు, అంటే మూడు వేళ్ల వెడల్పు దూరంలోకి చెంప వచ్చిందంటే కాంతి బాగా తిరిగి వస్తుంది. వెంటనే ఫోను "చెవి దగ్గర పెట్టుకున్నారు" అనుకుని తెరను ఆర్పివేస్తుంది, తాకినా పనిచేయకుండా చేస్తుంది. చెంప దూరమవగానే మళ్లీ వెలిగిస్తుంది.

పాతకాలపు బటన్ల ఫోన్లకు ఈ అవసరం లేదు. చెంప తగిలితే బటన్ నొక్కుకోదు. పైగా ఎర్ర బటన్ ఎప్పుడూ ఒక్క చోటే, చీకట్లో కూడా వేలికి తగులుతూ ఉంటుంది. మన పెద్దలు ఆ ఫోన్లను ఏ తడబాటూ లేకుండా వాడుకున్నది అందుకే. ముందు భాగమంతా అద్దమే అయిన ఫోన్లు వచ్చాక చెంపే వేలు అయిపోయింది. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోనును లోకానికి చూపించినప్పుడు ఈ సెన్సార్‌ను కూడా ప్రత్యేకంగా వివరించి చెప్పారు. ఛార్జింగ్ ఆదా అవుతుంది, చెంప తగిలి పనికిరాని బటన్లు నొక్కుకోవు అన్నవి దాని ప్రయోజనములు. నేడు మన ఊళ్లలోని చవక టచ్ ఫోన్లలో కూడా ఏదో ఒక రూపంలో ఈ ఏర్పాటు ఉంటుంది.

ఈ కన్ను రెండు విధములుగా తప్పు చూస్తుంది. ఎదురుగా ఏమీ లేకపోయినా ఉన్నదనుకోవడం ఒకటి. అప్పుడు కాల్ కలవగానే తెర నల్లబడి, ఫోను చేతిలోకి తీసుకున్నా వెలగదు. కట్ చేయలేరు, స్పీకరు పెట్టలేరు, గ్యాసు బుకింగుకు గాని బ్యాంకుకు గాని చేసినప్పుడు "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అంటే నొక్కడానికి అంకెలే కనబడవు. కోనసీమ సహోదరి ఇంట్లో జరిగినది ఇదే. కాల్ కట్ కాలేదు గనుక అంతసేపూ వేరెవరు చేసినా ఆ ఫోను బిజీ అని వస్తుంది. ఒంటరిగా ఉన్న పెద్దవారి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

చెంప ఆనుకుని ఉన్నా ఏమీ లేదనుకోవడం రెండవది. అప్పుడు మాట్లాడుతుండగా తెర వెలిగే ఉండి, చెంప తగిలి మ్యూట్ పడిపోతుంది, లేదా కాల్ హోల్డులోకి పోతుంది, ఒక్కొక్కసారి కట్ అయిపోతుంది. ప్రకాశం జిల్లా నుండి ఒక తండ్రిగారు, "మా అబ్బాయి హైదరాబాదు నుండి చేస్తాడు, నాలుగు మాటలు కాగానే పలకడు, నా మీద విసుగేమో" అని వ్రాశారు. అయ్యా, ముందుగా మీ తెర మీద మైకు బొమ్మకు అడ్డగీత పడి ఉందేమో చూడండి. మీ మాట అతనికి వినబడక, అవతల అతను కూడా "నాన్న పలకడం లేదు" అని ఊరుకుంటున్నాడేమో.

ఇక సరిచేసుకునే సంగతికి ముందు, ఇప్పటికిప్పుడు కాల్ కట్ చేయడం ఎలాగో చెబుతాను. పెద్దలు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది ఈ రోజే చేసి పెట్టుకోదగినది. ఫోను ప్రక్కన తెరను వెలిగించే పవర్ బటన్ ఉంటుంది కదా, దానిని నొక్కితే కాల్ కట్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోటికి వెళ్లి వెదికితే, పవర్ బటన్‌తో కాల్ ముగించే అంశం కనబడుతుంది. శాంసంగ్ ఫోన్లలో నంబర్లు నొక్కే ఫోన్ యాప్ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో కాల్స్ ఎత్తే, ముగించే పద్ధతుల భాగంలో చూడండి. ఐఫోనులో ఈ సదుపాయం మొదటి నుండీ ఉన్నది. ప్రక్క బటన్ నొక్కితే కాల్ కట్ అవుతుంది. వద్దనుకునేవారికి దానిని ఆపుకునే వీలు 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుండి ఉన్నది. ఇది పెట్టాక ఆ బటన్ ఎక్కడుందో పెద్దవారి వేలితోనే తడిమించి, రెండు మూడు కాల్స్ చేయించి అలవాటు చేయాలి. ఇబ్బంది ఒక్కటే: ఫోనులో ప్రార్థన చేయించుకుంటూ ఆ బటన్ మీద వేలు వేసి పట్టుకున్నారంటే ప్రార్థన మధ్యలోనే కట్ అవుతుంది. ఎడమచేత పట్టుకునేవారికీ కుడిచేత పట్టుకునేవారికీ బొటనవ్రేలు పడే చోటు వేరు గనుక ఒకసారి చూసుకోండి.

వాట్సాప్ కాల్‌కు మాత్రం ఈ ఏర్పాటు మీద ఆధారపడవద్దు. విదేశములలో ఉన్నవారు ఎక్కువగా దానిలోనే చేస్తారు. దానికి అన్నిటికంటే సులువైన ఉపాయం, "అమ్మా, నువ్వే పెట్టేయి" అని అవతలివారికి చెప్పడం. వారు కట్ చేస్తే ఇక్కడ కూడా ముగుస్తుంది, తెర వెలుగుతుంది. ఇయర్‌ఫోన్ గుచ్చినా, మాట మొదట్లోనే స్పీకరు నొక్కినా చాలా ఫోన్లలో ఆ కన్ను పని ఆగిపోయి తెర వెలుగుతూనే ఉంటుంది. అయితే స్పీకరులో మాట్లాడితే వీధి అరుగు వరకు వినబడుతుంది. కూతురు తల్లితో చెప్పుకునే మాటలన్నీ స్పీకరులో చెప్పుకోదగినవి కావు గనుక దీనిని పెద్దలకు శాశ్వతమైన పద్ధతిగా అంటగట్టడం నాకు ఇష్టం లేదు. కన్ను బాగుచేయడమే మేలు.

బాగుచేయడమంటే చాలా ఇళ్లలో తుడవడమే. ఫోను పై భాగంలో చెంప జిడ్డు, కొబ్బరినూనె, పౌడరు, చెమట పేరుకుంటాయి. మిర్చి కళ్లం దగ్గరా, ధాన్యం తూర్పారబట్టే చోటా తిరిగే ఫోనుకైతే చెప్పనవసరం లేదు. మెత్తని నూలు గుడ్డను కొంచెం తడిపి, గట్టిగా పిండి, పై అంచు పొడవునా మెల్లగా తుడవాలి. తరువాత పొడి గుడ్డతో తుడవాలి. మాట వినబడే చీలికలో దుమ్ము ఉంటే మెత్తని పొడి టూత్‌బ్రష్‌తో పైపైన దులపండి. పిన్నీసుతో గాని సూదితో గాని పొడవవద్దు. లోపలి జాలీ చిరిగితే దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. శానిటైజరు ఒంపి రుద్దడం కూడా వద్దు.

తుడిచినా మారకపోతే చూడవలసినది తెర మీద అతికించిన గ్లాసు. కోనసీమ ఉత్తరములో కూడా, ఈ తిప్పలు మొదలవడానికి కొద్ది రోజుల ముందే తిరునాళ్లలో కొత్త గ్లాసు వేయించామని ఒక వాక్యం ఉంది. అసలు సంగతి అక్కడే ఉందని నా అభిప్రాయం. సంతల్లో అమ్మే గ్లాసులలో చాలా వాటికి నల్లని అంచు ఉంటుంది. ఒక మోడలు కోసం కోసిన గ్లాసును దానికి దగ్గరగా ఉన్న వేరొక మోడలుకు వేస్తుంటారు. నల్లని అంచు సరిగ్గా ఆ కంటి మీద పడుతుంది. గ్లాసు పారదర్శకంగా ఉన్నా, పై అంచు దగ్గర సరిగా అతకక సన్నని గాలి పొర ఉండిపోయినా, అందులోకి దుమ్ము చేరినా, కన్ను పంపిన కాంతి చెంప దాకా పోకుండా అక్కడే తగిలి వెనుకకు వస్తుంది. కాంతి తిరిగి వచ్చింది గనుక ఎదురుగా చెంప ఉందని ఫోను అనుకుంటుంది. అంచులు వంపు తిరిగిన ఫోన్లకు జిగురు పోసి, నీలి దీపం క్రింద ఎండబెట్టి వేసే గ్లాసులున్నాయి. ఆ జిగురు ఒక్కొక్కసారి చీలికలోకి దిగి అక్కడే గట్టిపడుతుంది.

కాబట్టి గ్లాసు తీసి ఒకసారి కాల్ చేసి చూడండి. తీసిన గ్లాసు మళ్లీ అతకదు గనుక ఆ గ్లాసు డబ్బు పోయినట్టే. కాని డిస్‌ప్లే ఖర్చుతో పోలిస్తే అదెంత? గ్లాసు తీయగానే తెర మామూలుగా ఆరి వెలుగుతూ ఉంటే జబ్బు తెలిసిపోయినట్టే. కొత్తది వేయించేటప్పుడు పై భాగంలో కంటికీ చీలికకూ ఖాళీ విడిచిపెట్టినది, మీ మోడలు పేరు అట్టపెట్టె మీద ఉన్నది అడగండి. వేసిన వెంటనే షాపులోనే కాల్ చేసి, చేయి అడ్డుపెట్టి తీసి చూసుకుని, ఆ తరువాతే డబ్బివ్వండి. పౌచ్ కూడా చూడాలి. వదులైన రబ్బరు పౌచ్ పై అంచు ముందుకు జారి కంటికి అడ్డం వస్తుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. సూర్యకాంతిలో పరారుణ కాంతి నిండుగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పొలంలో నిలబడి మాట్లాడుతున్నప్పుడు మాత్రమే తెర తికమకపడుతూ, ఇంట్లో బాగుంటే అది జబ్బు కాదు. చెట్టు నీడకు వెళ్లి చూడండి. అలాగే నల్లని జుట్టు, నల్లని గుడ్డ పరారుణ కాంతిని తక్కువగా తిప్పి పంపుతాయి. చెవి మీద జుట్టు దట్టంగా పడినప్పుడు గాని, నల్లని ముసుగు మీదుగా గాని ఫోను ఆనించి మాట్లాడేవారికి కాల్ మధ్యలో తెర వెలిగి చెంప నొక్కుడు ఎక్కువగా కనబడుతుంది. జుట్టు వెనుకకు తీసుకుంటే పోతుంది.

కొన్ని ఫోన్లలో ఈ కాంతి కన్ను అసలే ఉండదు. దానికి బదులు మన చెవికి వినబడని సన్నని శబ్దాన్ని వినికిడి చీలిక గుండా పంపి, అది చెంపకు తగిలి తిరిగి వచ్చిన తీరును మైకుతో విని దూరము లెక్కకడతాయి. గబ్బిలము చీకటిలో దారి తెలుసుకునే పద్ధతే ఇది. 2016లో షావోమీ వారి మీ మిక్స్ ఫోనులో నార్వే దేశపు ఎలిప్టిక్ ల్యాబ్స్ సంస్థ విధానముతో ఇది వచ్చింది. తరువాత తక్కువ ధర ఫోన్లలోకి కూడా పాకింది. విడిగా ఒక భాగము పెట్టే ఖర్చు తగ్గుతుంది, తెర పైన చోటు కలిసివస్తుంది. వాడుకునేవారికి మాత్రం పాత కాంతి కన్నే నమ్మకమైనదని చాలామంది అంటారు, నేనూ అంతే అంటాను. అటువంటి ఫోను మీదైతే, గ్లాసుతో పాటు చీలికలోని దుమ్మూ, మైకు రంధ్రానికి అడ్డమొచ్చే పౌచ్ కూడా కారణములవుతాయి. ఫోను ఏ రకమో తెలియాలంటే కొన్నప్పుడు వచ్చిన కాగితములు చూపించి ఎవరైనా చదువుకున్న పిల్లల చేత కనుక్కోండి.

కన్ను పనిచేస్తోందా లేదా అని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. శాంసంగ్ ఫోనులో నంబర్లు నొక్కే చోట స్టార్, హాష్, సున్న, స్టార్, హాష్ వరుసగా నొక్కితే చాలా మోడళ్లలో ఒక పరీక్ష తెర వస్తుంది. అందులో సెన్సార్ అన్నది నొక్కి, ఫోను పై భాగం మీదికి అరచేయి తెచ్చి తీస్తూ చూడండి. దగ్గరకు వచ్చినప్పుడు మారి, తీసినప్పుడు తిరిగి మొదటికి రావాలి. రెడ్‌మీ ఫోన్లలో స్టార్, హాష్, స్టార్, హాష్, 6484, హాష్, స్టార్, హాష్, స్టార్ నొక్కితే ఇటువంటి పట్టికే వస్తుంది. అందులో ప్రాక్సిమిటీ సెన్సార్ అన్నది ఒక్కటే చూసి బయటకు రండి. మిగిలినవి పనివారి కోసం పెట్టినవి గనుక ముట్టవద్దు.

పిల్లలకు ఆసక్తిగా ఉండే పరీక్ష వేరొకటి ఉంది. వేరొక ఫోను ముందు కెమెరా తెరిచి, దాని ఎదుట టీవీ రిమోట్ నొక్కండి. రిమోట్ బుగ్గ తెల్లగానో ఊదారంగులోనో మెరిస్తే ఆ కెమెరా పరారుణ కాంతిని చూడగలదన్నమాట. ఇప్పుడు జబ్బుపడిన ఫోను నుండి కాల్ చేసి, దాని పై భాగాన్ని ఆ కెమెరాతో చూడండి. చిన్న చుక్క మెరుస్తుంటే కాంతి పంపే భాగము బ్రతికే ఉంది. శబ్దముతో పనిచేసే ఫోన్లలో మాత్రం ఈ చుక్క కనబడదు, భయపడకండి. ఖరీదైన కొన్ని ఫోన్లలో కన్ను తెర అడుగునే ఉంటుంది. 2019లో వచ్చిన శాంసంగ్ ఎస్ 10 వంటి వాటిలో కాల్ సమయాన తెర మీదే తెల్లని చుక్క మిణుకుమిణుకుమనడం చూసి పాడైందనుకున్నవారు ఎందరో. అది పాడు కాదు, కన్ను పనిచేస్తున్న గుర్తు.

కన్ను బాగుండి, గ్లాసు తీసినా తెర రాకపోతే లోపము ఫోను లోపలి ప్రోగ్రాములలో ఉండవచ్చు. 2010లో ఐఫోన్ 4 కొన్నవారు, మాట్లాడుతుండగా తెర వెలిగి చెంప తగిలి కాల్స్ కట్ అవుతున్నాయని గోల పెడితే, ఆ సంవత్సరం సెప్టెంబరులో ఐఓఎస్ 4.1 అనే కొత్త ప్రోగ్రాముతో కంపెనీ దానిని సరిచేసింది. అంతటి ఫోనుకే తప్పలేదు. ఫోనును ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వెలిగించండి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ ఉంటే వేయండి. ఈ తిప్పలు మొదలైన రోజులలో ఎవరైనా పిల్లలు కాల్ రికార్డు చేసే యాప్ గాని, తెర వెలుతురు తగ్గించే యాప్ గాని వేశారేమో కనుక్కుని తీసేయండి. కొన్ని రెడ్‌మీ ఫోన్లలో కాల్ సెట్టింగ్స్ లోనే ప్రాక్సిమిటీ సెన్సార్ అనే మీట ఉంటుంది. దానిని ఆపితే తెర ఆరడమే మానుకుంటుంది. చెంప నొక్కుడు మాత్రం భరించాలి.

తెర ఎంతకీ రాక ఫోను చచ్చినట్టు పడి ఉంటే పవర్ బటన్ పది పదిహేను సెకండ్ల పాటు వదలకుండా నొక్కి పట్టుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు అలా తిరిగి మొదలవుతాయి. కొన్నిటికి దానితో పాటు శబ్దం తగ్గించే బటన్ కూడా పట్టుకోవాలి. ఐఫోన్ 8 మొదలుకుని వచ్చినవాటిలో శబ్దం పెంచేది ఒకసారి, తగ్గించేది ఒకసారి నొక్కి వదిలి, ప్రక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి.

షాపులో "రీసెట్ కొడితే పోతుంది" అంటే మాత్రం వెంటనే సరే అనకండి. రీసెట్ అంటే ఫోనులోని ఫొటోలు, నంబర్లు, మాటలు అన్నీ తుడిచివేయడం. నిద్రించిన తల్లిదండ్రుల గొంతు, పెండ్లి ఫొటోలు, బాప్తిస్మము నాటి వీడియోలు ఆ ఒక్క ఫోనులోనే ఉన్న ఇళ్లు మన సంఘములలో ఎన్నో ఉన్నాయి. వాటిని వేరే చోట దాచుకున్నాకే, అదీ మిగిలిన దారులన్నీ అయిపోయాకే, రీసెట్ మాట. గ్లాసు అడ్డం వచ్చినందువల్ల కలిగిన జబ్బు రీసెట్‌తో పోదు కూడా.

డిస్‌ప్లే మార్పించిన తరువాతే ఈ జబ్బు మొదలైందని ఇద్దరు వ్రాశారు. ఆ మాట నిజమై ఉండవచ్చు. కన్ను చుట్టూ చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. కాంతి పంపే భాగము నుండి చూసే భాగానికి లోపల్లోపలే వెలుతురు పోకుండా అది అడ్డుగోడ. పాత డిస్‌ప్లే తీసేటప్పుడు అది రాలిపడినా, కొత్తదానికి వేయడం మరచినా కన్ను తన కాంతినే తాను చూసుకుని ఎప్పుడూ "దగ్గరే, దగ్గరే" అంటుంది. డూప్లికేటు డిస్‌ప్లేలలో కన్ను దగ్గరి రంగు పూత సరిగా లేక కాంతి పోకపోవడం కూడా ఉంది. వేసినవారి దగ్గరకే తీసుకువెళ్లి ఆ రబ్బరు ఉందో లేదో విప్పి చూపించమనండి. ఇక మీదట డిస్‌ప్లే మార్పించేవారు డబ్బిచ్చే ముందు అక్కడే ఒక కాల్ చేసి చూసుకుంటే ఈ తగవు ఉండదు.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ సంగతి చాలామంది అడిగారు. పాస్టరు గారు పంపిన ప్రార్థన వినాలని నొక్కితే తెర నల్లబడి, మాట స్పీకరులో రాక చెవి దగ్గర సన్నగా వస్తోందట. అదీ ఈ కన్ను చేసే పనే. మెసేజ్ వింటుండగా ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే ప్రక్కవారికి వినబడకుండా గొంతు చెవి చీలికలోకి మారుతుంది. కన్ను కప్పబడి ఉంటే మీరు చెవి దగ్గర పెట్టకపోయినా అలాగే చేస్తుంది. కాల్ జబ్బు పోతే ఇదీ పోతుంది.

జేబులోంచి తీయగానే పై భాగాన్ని కప్పవద్దు అని తెర మీద వస్తే అది కూడా ఇదే కుటుంబానికి చెందినది. జేబులో ఫోను తనంతట తాను నొక్కుకోకుండా పెట్టిన కాపలా. దానిని దాటే ఉపాయం ఆ తెర మీదనే వ్రాసి ఉంటుంది. రెండుసార్లు తట్టితే తెర వెలగడం ఆగిపోయినా, చేతిలోకి ఎత్తగానే వెలగడం మానేసినా ముందు ఆ కన్నునే తుడవండి. పుస్తకంలా మూసే కవరు వేసినవారు ఆ కవరు తీసి చూడండి. దాని మూతలో అయస్కాంతం ఉంటుంది. మూత వెనుకకు మడిచినప్పుడు అది ఫోనును మోసగించి తెరను ఆర్పుతుంది.

కోనసీమ సహోదరికి చివరగా ఒక మాట. గ్లాసు తీసి చూసి, ఫోను బాగైతే, ఆ సంగతి మీ ఆడపడుచుకు మీ అత్తగారే వాయిస్ మెసేజ్ పెట్టాలి. కాల్ చేసి చూపిస్తే ఇంకా మంచిది: పాత గ్లాసును కంటి మీద ఉంచి, తెర ఎలా ఆరిపోతుందో వీడియోలో పాప చేత చూపించండి. ఫోను కావాలని ఉంచలేదన్న సంగతి అప్పుడామెకు నమ్మకముగా తెలుస్తుంది. ఫీజు మాట మాత్రం ఫోను అన్నది కాదు, అత్తగారు అన్నది. దానిని గ్లాసు మీదికి తోయకుండా, ఖర్చు లెక్క కాగితం మీద వ్రాసి, ఆమె పంపుతున్నదెంత, అవుతున్నదెంత అని నెమ్మదిగా ఆమెతోనే మాట్లాడుకోండి. మీ భర్తగారు తల్లి మీద వేసిన కేకలకు కూడా ఒక సమాధానం బాకీ ఉన్నారు.

ఒక పాస్టరు గారి ప్రశ్నతో ఈ నెలకు ముగిస్తున్నాను. ఆరాధనలో ఫోనులోని బైబిలు చదువుతుండగా మధ్యలో తెర ఆరిపోతోందని, సెన్సార్ పోయిందేమోనని ఆయన అడిగారు. అయ్యా, అది సెన్సార్ కాదు. ముట్టుకోకుండా ఇంతసేపు ఉంటే ఆరిపోవాలని ఫోనుకు ఒక గడువు ఉంటుంది. మీ ఫోనులో అది ముప్పై సెకండ్లకు పెట్టి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో స్క్రీన్ టైమౌట్ తెరిచి పది నిమిషములకు మార్చండి. కొన్ని బైబిలు యాప్‌లలో చదివేటప్పుడు తెర ఆరకుండా ఉంచే మీట విడిగా ఉంటుంది. అది ఉంటే అదే మేలు. అదే గడువు మీద వదిలేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకే ఛార్జింగ్ అయిపోతుంది గనుక, ఆరాధన కాగానే మళ్లీ ఒక నిమిషానికి తగ్గించుకోండి.